మంద కట్టని ఏడు

బులంగురి
సెప్టెంబరు 9

ప్రియమైన నా బంటు బెర్మోకి,

నీ యజమాని మెలె రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ నీ ఆవులూ క్షేమమని తలుస్తాను. ముఖ్యంగా ఆవులు. నువ్వెలా ఉన్నా లోకానికి పెద్ద నష్టమేమీ లేదు.

మూతి ముడుచుకోకు. సేద్యం చేసే బెరిబెరి వాడు ఆవులు కాసే ఫులాని వాణ్ణి బంటు అనొచ్చు, ఫులాని వాడు బెరిబెరి వాణ్ణి అంతకంటే హీనంగా అనొచ్చు, ఎవరూ కోపం తెచ్చుకోకూడదని మన తాతలు పెట్టిన కట్టుబాటు. నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి దిగిపోయినవాణ్ణి. నా మాట వినేవాళ్ళెవరూ మిగల్లేదు. ఈ ఒక్క హక్కూ వదులుకుంటానా?

సజ్జ ఈసారి చూడాల్సిందే. పోయిన ఏడు నువ్వు మంద కట్టిన మేరంతా నా తల దాటి పెరిగింది. కంకి పట్టుకుంటే చేతి నిండా ఉంది. నువ్వు కట్టని ఉత్తరం మూల మాత్రం మోకాలి దగ్గరే ఆగిపోయి నన్ను చూసి ఏడుస్తోంది. నీ మంద లేకపోతే నా పొలం ఉత్త ఇసుకే. పదిమందిలో ఒప్పుకోను గానీ కాగితం మీద ఒప్పుకుంటున్నాను, దాచుకో.

మా చెల్లెలు కెల్లు వచ్చి వెళ్ళింది. అదే, జిందర్‌లో మట్టి పరీక్షలు చేసే ఆఫీసులో పనిచేస్తుందే, ఆవిడే. పొలంలో పన్నెండు చోట్ల గీకి, డబ్బాల్లో మట్టి నింపుకుని, ఒక్కోదాని మీద అంకె వేసుకుంది. దేనికే అంటే, "చుట్టుపక్కల ఇంత బలమైన నేల లేదంటున్నారు అన్నయ్యా, అందులో ఏముందో చూడొద్దూ" అంది. ఏముంటుంది, బెర్మో ఆవుల పేడ, నా ఓపిక అన్నాను. నవ్వింది గానీ డబ్బాలు మాత్రం వదల్లేదు.

మా ఆవిడ ఫాల్తా అప్పుడే ఉప్పు కట్టడం మొదలుపెట్టింది. మాంగా నుంచి మూడు బస్తాల ఉప్పు దింపించి, రోజుకి సరిపడా కవర్లలో పోసి, మూతికి మూడు మెలికల ముడి వేసి మంచం కింద పేరుస్తోంది. తన చేతి ఉప్పు నాకితే గాని నీ ఆవులకి పొద్దు గూకదట. ఇరవై మూడేళ్ళుగా ఈ గొప్పలు వింటున్నాను.

దూడల పలుపు కట్టడానికి కొత్త గూటాలు చెక్కించి ఉంచాను. కోత అయిపోగానే కబురు పెడతాను. దంట్లు ఎవరినీ ముట్టుకోనివ్వను. తొందరగా రా.

ఇట్లు,
నీ యజమాని,
మెలె

&nbsp;

తానూత్‌కి పైన
గడ్డి పచ్చదనం తగ్గుతున్న రోజుల్లో

నా బంటు, నా బంటు కొడుకు మెలెకి,

ఉప్పు లారీ డ్రైవరు నీ ఉత్తరం ఇచ్చాడు. గుడిసె ముందు కూర్చుని మా ఆవిడకి చదివి వినిపించాను. "నీ బంటు ఇంకా బతికే ఉన్నాడా" అంది. ఉన్నాడు, రాత మాత్రం కోడి కెలికినట్టే ఉంది అన్నాను. పిల్లలకి చదువెలా వచ్చిందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

వానలు ఇక్కడ మంచిగానే పడ్డాయి. మంద అరవై ఒకటి. దూడలు ఎగురుతున్నాయి. ఓలే ఒక్కటే బాగాలేదు. నీకు గుర్తుండే ఉంటుంది, నీ పరీక్ష పేపర్లు మూడు నమిలేసిన పచ్చావు. పొట్ట నిండు చూలులా ఉంది, చూలు లేదు. మేత ముట్టదు. నిలబడి నోరాడిస్తూ ఉంటుంది, చూస్తే నోట్లో ఏమీ ఉండదు.

ఫాల్తా వదినకి చెప్పు, ఉప్పు కోసం ఈసారి అంత కష్టపడొద్దని. చేతులు నొప్పులంటోంది కదా. ఉట్టి ఉప్పు ఒక తట్టలో పోసి ఉంచినా మా ఆవులు ఏమీ అనుకోవు. అసలు లేకపోయినా అనుకోవు. ఈ మాట కాస్త మెత్తగా చెప్పు, నీ పద్ధతిలో చెప్పకు.

ఎప్పటిలాగే తూర్పు దారిన వస్తాం. రెండు రోజులు ఎక్కువ పడుతుంది. ఓపిక పట్టు.

ఇట్లు,
నిన్ను కొనుక్కున్న పాపానికి మోస్తున్న
బెర్మో

&nbsp;

బులంగురి
నవంబరు 2

గౌరవనీయులైన బెర్మో గారికి,

మీకు శాంతి కలుగుగాక. ఈ పిలుపు చూసి నవ్వకండి. వేళాకోళానికి మనసు రావడం లేదు.

కెల్లు కబురు పెడితే జిందర్ వెళ్ళాను. తన ఆఫీసులో నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. నలభై ఏళ్ళు నల్లబల్ల మీద దాని బొమ్మ గీశాను, భాగాలు రాయించాను, తప్పు రాసినవాళ్ళ చెవులు మెలేశాను. అందులోంచి ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు. మా బడికి ఎప్పుడూ రాలేదది.

కన్ను ఆనించి చూస్తే, అది మన పొలం. రోజూ కాళ్ళ కింద తొక్కే ఇసుక, ఒక్కో రేణువూ తేనెరంగులో, లోపల దీపం పెట్టినట్టు వెలుగుతోంది. వాటి మధ్య నల్లగా, మెత్తగా మీ పేడ మాగి నేలైన ముక్కలు. వాటిని పట్టుకుని సజ్జ వేరు. ఆ వేరుకి మళ్ళీ వేళ్ళు, వాటికీ వేళ్ళు. అరవై మూడేళ్ళ వయసులో నా పొలాన్ని నేను మొదటిసారి చూశాను. ఇంత అందం మీద నడుస్తూ, నడుం నొప్పని విసుక్కుంటూ బతికానా అనిపించింది.

అప్పుడు కెల్లు, "కాస్త కుడివైపుకి జరిపి చూడన్నయ్యా" అంది.

నల్లటి పలుచని రేకులు. ఒక నీలం పోగు. గాజులా ఒక ముక్క, దాని మీద వెలుగు పడి ఏడు రంగులు విరుగుతున్నాయి. ఆ ముక్కని సజ్జ వేరు వెంట్రుకంత సన్నటి చేత్తో చుట్టి పట్టుకుని ఉంది. పేడ అనుకుందో ఏమో, తన దాన్ని పట్టుకున్నట్టే పట్టుకుంది. అది ప్లాస్టిక్ అట. అగ్గిపెట్టెడు మట్టిలో నూట నలభై ముక్కలు లెక్కపెట్టింది కెల్లు. నా పొలంలో అగ్గిపెట్టెలు ఎన్ని పడతాయని లెక్క మొదలుపెట్టాను. లెక్కలు చెప్పిన మేష్టర్ని అయ్యుండీ మధ్యలో వదిలేశాను.

కుళ్ళదట. నేను పోయాక, నా మనవలు పోయాక కూడా అలాగే ఉంటుందట, ఇంకా చిన్న ముక్కలవుతూ. పోయిన ఏడు మీ మంద వదిలిన ఎండుపేడ చిదిపి చూపించింది. అందులోనూ అదే. "పేడలోంచే వచ్చింది, అంతవరకే చెప్పగలను, తొందరపడకు" అంది. తొందరపడకపోతే నేను మెలెని ఎలా అవుతాను? తిరిగి వస్తూ జిందర్ చెత్తదిబ్బ మీద ఎగిరే కవర్లు చూశాను. వాటిని నములుతూ ఎవరివో ఆవులు. నా కళ్ళకి అవి మీవే అయ్యాయి.

ఆ నేలని మీరూ నేనూ కలిసి ఇరవై మూడేళ్ళు పెంచాం. దారి దగ్గరవుతుందని మందని దిబ్బ పక్కన తోలుకొచ్చే ముందు ఒక్కసారి ఆలోచించాల్సింది. నా కడుపు మండిపోతోంది. ఈ ఏడు మంద తీసుకురావద్దు.

ఇట్లు,
మెలె,
విశ్రాంత ఉపాధ్యాయుడు

&nbsp;

తానూత్‌కి పైన

గౌరవనీయులైన మెలె మేష్టారికి,

మీకు శాంతి. ఉత్తరం చేరింది. పొలం మీది. మంద రాదు.

ఓలే పోయింది.

ఫాల్తా గారికి మా సలాములు చెప్పండి.

బెర్మో

&nbsp;

బులంగురి
మార్చి 30

ప్రియమైన బెర్మోకి,

నిన్ను ఎలా పిలవాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. బంటు అనే హక్కు నాకింకా ఉందో లేదో నువ్వే చెప్పాలి.

కోత అయ్యాక ఈ వానల్లేని నెలలు ఎలా గడిచాయో రాస్తే నవ్వుతావు. పొద్దున లేచి పొలానికి వెళ్ళేవాణ్ణి, దేనికో తెలియదు. గాలికి ఇసుక లేచి దంట్ల మొదళ్ళు బయటపడ్డాయి. కొత్త గూటాలు అలాగే ఉన్నాయి. పక్క పొలాలవాళ్ళు "మీ ఫులాని రాలేదేం మేష్టారూ" అని అడిగితే చుట్టం పెళ్ళికి వెళ్ళాడన్నాను. ఎన్ని నెలల పెళ్ళని ఎవరూ అడగలేదు, పాపం మంచివాళ్ళు. ఫాల్తా నాతో మాట్లాడటం తగ్గించింది. కట్టిన ఉప్పంతా మంచం కిందే ఉండిపోయింది.

పోయిన వారం మా పొట్టేలు తాడు తెంపుకుని ఇంట్లో దూరింది. నేను వెళ్ళేసరికి ఫాల్తా గుమ్మంలో నిలబడి ఉంది. తరమడం లేదు, అరవడం లేదు, బొమ్మలా చూస్తోంది. పొట్టేలు ఒక మూట కొరికింది. ఉప్పు నాకింది. ఉప్పు అయిపోయాక కవరు నాకింది. తర్వాత కవరు నమిలింది. ఉప్పు ఊరిన కవరు కదా, ఎంత రుచిగా ఉందో మరి, కళ్ళు మూసుకుని నమిలి ముడితో సహా మింగేసింది. మింగి ఇంకో మూట అందుకుంది.

"ఇన్నేళ్ళూ ఇదేనా జరిగింది?" అంది ఫాల్తా.

మా ఇంటి పద్ధతి నీకు తెలుసు. అతిథి నోటి ముద్దని చూడకూడదని మా అమ్మ నేర్పింది. పెట్టాలి, వెనుదిరగాలి, తిరిగి చూడకూడదు. చూస్తే పెట్టింది పెట్టినట్టు కాదు. ఫాల్తా కోడలిగా వచ్చి అదే నేర్చుకుంది. సాయంత్రం పలుపు దగ్గర మూటలు పెట్టడం, తల తిప్పకుండా ఇంటికి రావడం. మొదట్లో తాటాకు బుట్టల్లో పెట్టేది, బుట్టలు నువ్వు తిరిగిచ్చేవాడివి. పదకొండేళ్ళ కిందట కవర్లు వచ్చాయి. ఉప్పు చెమ్మగిల్లదు, చేతులు కోసుకోవు, ఎంత సుఖమో అని మురిసిపోయింది. పదకొండేళ్ళ సాయంత్రాల్లో ఒక్కసారి, ఒక్కసారి తల తిప్పి చూసి ఉంటే చాలు. మర్యాదకి పోయి చూడలేదు.

కెల్లుని పిలిపించాను. దూడల పలుపు కట్టే చోట గొయ్యి తవ్వించాం. కెల్లు గోతిలో దిగి పైనుంచి కిందికి వేలెడు వేలెడు చొప్పున మట్టి తీసి కడిగి చూసింది. పైన చెప్పలేనన్ని ముక్కలు. దిగేకొద్దీ తగ్గాయి. ఒకచోట చెదపురుగుల గూడు తెగింది. నువ్వు చూడాలి బెర్మో. ఆ కంటికి ఆనని ప్రాణులు ప్లాస్టిక్ రేకులు మోసుకెళ్ళి, ఉమ్మితో మట్టి కలిపి, గది గోడలకి అతికించుకున్నాయి. ఎండ పడితే గోడంతా మిలమిలలాడింది. మనం పారేసిన దాన్ని తీసుకుని, ఒక్క మాటనకుండా ఇల్లు కట్టుకున్నాయవి.

మోచేతి లోతు దాటాక ఒక్క ముక్కా లేదు. ఉత్త నల్లటి నేల. పిడికెడు తీసి వాసన చూశాను. మొదటి ఏళ్ళలో నువ్వు కట్టిన మంద వాసన, నిజంగా, కొద్దిగా పుల్లగా, వాన ముందు కొట్టంలా. ఇసుకలో ఇంత నేల మనం చేశామా అని గోతిలో అలాగే కూర్చుండిపోయాను. దాని మీద మళ్ళీ మేమే ఇది పరిచాం. నేను ఏడ్చాను. కెల్లు చెయ్యి పట్టి పైకి లాగాల్సి వచ్చింది.

తూర్పు దారిన వస్తాం, రెండు రోజులు ఎక్కువని నువ్వు సెప్టెంబరులోనే రాశావు. చెత్తదిబ్బ పడమట ఉంది. భూగోళం పాఠం చెప్పినవాణ్ణి నేను. నీ ఉత్తరం మళ్ళీ తీసి చదువుకుని తల కొట్టుకున్నాను.

ఓలేని చంపింది మా ఉప్పు. దాని పొట్ట అలా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. ఫాల్తా అన్నం సరిగా తినడం లేదు. నీ కాళ్ళు పట్టుకుంటానని రాయమంది. నా తరఫున కూడా అదే. మళ్ళీ వస్తావా అని అడిగే ముఖం నాకు లేదు. తిట్టు. ఎంత తిడతావో తిట్టు, ఉత్తరం మాత్రం రాయి.

ఇట్లు,
మెలె

&nbsp;

తానూత్‌కి పైన
వడగాలి తిరిగిన రోజుల్లో

నా బంటు, నా బంటు కొడుకు, బంటులందరిలోకీ మందబుద్ధి అయిన మెలెకి,

చింపిన ఆ నాలుగు కాగితాలూ చదువురాని వాళ్ళకి ఇచ్చినా పొగాకు చుట్టుకునేవాళ్ళు. నిన్ను కొన్నప్పుడే అనుకున్నాను, వీడు దుబారా మనిషని.

హక్కు ఉందో లేదో అని అడుగుతున్నావు. నీ బాబు సొమ్మా అది, పోవడానికి? నువ్వు నన్ను "గారు" అన్న రోజు నుంచి మా ఆవిడ మూడు రోజులు పొయ్యి దగ్గర గొణుగుతూనే ఉంది. తిట్టు ఎంతయినా పడతాను. గారు అనిపించుకోవడం నావల్ల కాలేదు.

ఇక నేను చెప్పాల్సింది చెప్తాను. ఒకేసారి చెప్తాను, మళ్ళీ అడగకు.

నాకు తెలుసు. మూడేళ్ళుగా తెలుసు. మొదటి ఆవు పోయినప్పుడు పొట్ట కోసి చూశాను. లోపల కవర్లు, వాటికి మూడు మెలికల ముడులు. ఫాల్తా వదిన ముడి నాకు తెలియదా? ఆ ఏడు నుంచి ఆవిడ మూట పెట్టి వెళ్ళగానే ఆవుల కంటే ముందు నేను పరుగెత్తేవాణ్ణి. విప్పి ఉప్పు తోలు మీద పోసేవాణ్ణి. కవర్లన్నీ మూటగట్టి ఎడ్ల మీద ఇక్కడికి తెచ్చేవాణ్ణి, పొలంలో కనబడితే ఆవిడ మనసు నొచ్చుకుంటుందని. అప్పటికే ముసలి ఆవుల కడుపులు నిండి ఉన్నాయి. నాలుగు పోయాయి, ఓలేతో కలిపి.

నోరు విప్పి చెప్పొచ్చుగా అంటావు. పెట్టిన చేతికి వంక పెట్టడం మా వాళ్ళకి బట్ట లేకుండా సంతలో నిలబడటం లాంటిది. తట్టలో ఉట్టి ఉప్పు పెట్టమని ప్రతి ఏడూ రాశాను, నీ బుర్రకి ఎక్కలేదు. చెత్తదిబ్బ అని నువ్వు నిందవేసినప్పుడు కూడా కాదని చెప్పలేకపోయాను. కాదంటే మరి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఫాల్తా వదిన ఉప్పు పేరెత్తాలి. తప్పు ఆవిడ ఒక్కదానిదే కాదు. నా సిగ్గుది కూడా. కవర్లు వచ్చిన మొదటి ఏడే బుట్టలు చాలని చెప్పి ఉంటే ఓలే బతికేది. ఇది రాయడానికి నాకు పగలంతా పట్టింది.

ఓలే గురించి విను. పోయిన రోజున కోశాను. దాని కడుపులోంచి వచ్చిన గడ్డని నేనూ మా తమ్ముడూ ఇద్దరం కలిసి మోశాం. నీళ్ళ బాన అంత ఉంది, రాయిలా గట్టి. ఏముందో చూడాలని పొరలు విప్పుతూ కూర్చున్నాను. ఉల్లిపాయలా పొర మీద పొర. పై పొరల్లో నీలం కవర్లు, తర్వాత తెల్లవి, ఇంకా లోపల నల్లవి, మీ ఊళ్ళో మొదట దొరికిన రకం. ప్రతి ముడీ గట్టిగా, కట్టిన రోజు ఎలా ఉందో అలాగే. నడిమధ్యలో వేలెడు తాటాకు. బుట్టల నాటిది. అది దూడగా ఉన్నప్పటి రోజులు అక్కడ ఉన్నాయి మెలే. ఆ బండని కడుపులో పెట్టుకుని తానూత్ నుంచి మీ ఊరికి, మీ ఊరి నుంచి తానూత్‌కి పదకొండేళ్ళు నడిచింది. నాలుగు దూడల్ని ఈనింది. మా మనవరాలు దాని పాలు తాగే నడక నేర్చింది. ఒక్కనాడు నా చేతి కర్ర చూడలేదు. నేను పుట్టినప్పటి నుంచి ఆవుల మధ్యనే ఉన్నాను, ఆవంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మేమందరం ఆ గడ్డ చుట్టూ నిలబడ్డాం.

ముసలి ఆవుల కడుపుల్లో ఇంకా ఉంది. బతికినన్నాళ్ళూ కొంచెం కొంచెం రాలుస్తూనే ఉంటాయి. వాటిని నీ పొలంలో కట్టను. అలాగని అమ్మను, నా కళ్ళ ముందే ఉంటాయి. కోత నుంచి వానల దాకా వాటిని ఎవరూ విత్తని రాళ్ళగుట్ట మీద ఉంచుతాను. ఈ మూడేళ్ళలో పుట్టిన పెయ్యలు ఆరున్నాయి. కవరు రుచి ఎరగనివి. అవి ఆరూ నీ పొలానికి వస్తాయి. ఆరు పెయ్యలతో ఎంత మేర అవుతుంది, నీ ఇంటి వాకిలంత. ఏడాదికో వాకిలి. మిగతా పొలం అంతా అయ్యేసరికి మనమిద్దరం ఉండమని నాకు లెక్క వచ్చు, మేష్టర్ని కాకపోయినా. అయినా మొదలుపెడదాం.

అయిదింటిని కోత అయ్యాక నేనే తోలుకొస్తాను. ఆరోది ఈ ఉత్తరం తెచ్చిన లారీలోనే ఉంది. వెళ్ళి దింపించు, ఎర్రది, నుదుట తెల్లమచ్చ. డ్రైవరు నీళ్ళు పెట్టాడో లేదో చూడు.

అది నీకు కట్టి ఇస్తున్నాను. మా వాళ్ళలో ఉన్న పద్ధతి ఇది, కష్టంలో ఉన్న అయినవాడికి ఒక పెయ్యని కట్టి ఇస్తాం. మా కులం దాటి ఎవరికీ ఇచ్చినట్టు నేను వినలేదు, మా ఆవిడే ఇవ్వమంది. మూడు ఈతలు నీ దగ్గరే ఉంటుంది. పాలు మీవి, మూడు దూడలూ మీవి. మూడోది పాలు మానాక తల్లిని తిరిగి నా చేతికి ఇవ్వాలి. పేరు పెట్టే పని ఫాల్తా వదినది. ఉప్పు కూడా ఆవిడే పెట్టాలి, తన చేత్తో, అరచేతిలో పోసి. అది నాకుతున్నంతసేపూ పక్కనే నిలబడి చూడమను.

మొదటి ఈతకే ఇంకా ఏడాదిన్నర ఉంది. మూడయ్యేసరికి ఆరేడేళ్ళు పడుతుంది. తల్లిని నీ చేత్తోనే తిరిగివ్వాలి, నీ కొడుకులు ఇస్తే తీసుకోను. కాబట్టి అప్పటిదాకా, బంటూ, నీకు చచ్చే అనుమతి లేదు.

ఇట్లు,
నీ యజమాని,
బెర్మో